ల్వార్ నదీలోయ సైకిల్ యాత్రా మార్గం

ఫ్రాన్స్‌లో ల్వార్ నది వెంట సాగే దూరప్రయాణ సైకిల్ మార్గం. ఫ్రెంచిలో దీన్ని 'లా ల్వార్ ఆ వేలో' అంటారు. నెవేర్ పట్టణానికి దగ్గరగా ఉన్న క్యూఫీ గ్రామం నుంచి అట్లాంటిక్ తీరంలోని సెయింట్-బ్రెవాన్-లె-పాన్ వరకు దీని పొడవు సుమారు 900 కి.మీ. సాంత్ర్-వాల్ ద ల్వార్, పేయీ ద లా ల్వార్ అనే రెండు పరిపాలనా ప్రాంతాల గుండా వెళ్తుంది. యూరప్ ఖండాన్ని అడ్డంగా దాటే యూరోవెలో 6 మార్గానికి ఇది పడమటి భాగం. పల్లెలు, ద్రాక్షతోటలు, కోటలు, మఠాలు, పాత రేవు పట్టణాలు దీని దారిలో ఉన్నాయి. మార్గంలో కొత్తగా వేసిన దారి తక్కువ. ముందే ఉన్న కరకట్టలను, కాలువ గట్లను, ఊళ్ల మధ్య చిన్న రోడ్లను గుర్తుపలకలతో ఒకే వరుసగా కలపడం ద్వారా దీన్ని రూపొందించారు.

నిర్వచనం, పరిధి

సైకిల్ యాత్ర అంటే బట్టలు, పనిముట్లు, కొన్నిసార్లు డేరా కూడా సైకిలుకు కట్టుకుని, రాత్రికి ఒక ఊళ్లో దిగుతూ కొన్ని రోజులపాటు చేసే ప్రయాణం. పందెపు సైక్లింగ్‌కూ దీనికీ లక్ష్యంలోనే తేడా ఉంది. పందెంలో వేగానిది మొదటి స్థానం, యాత్రలో దారిలోని ప్రదేశాలది. ఇలాంటి ప్రయాణాలకు ఉద్దేశించిన మార్గాలను ఫ్రాన్స్‌లో రెండు మాటలతో వ్యవహరిస్తారు.

వేలోరూట్: మధ్య, దూర ప్రయాణాలకు గుర్తులు పెట్టిన మొత్తం మార్గం. ఇందులో ప్రత్యేక సైకిల్ బాటలు, వాహనాలు తక్కువగా తిరిగే రోడ్లు, పట్టణ వీధులు అన్నీ ఉండవచ్చు.

హరితమార్గం (వ్వా వెర్త్): మోటారు లేని వాహనాలకు, పాదచారులకు, గుర్రపు రౌతులకు మాత్రమే కేటాయించిన దారి. 2004లో ఇది ఫ్రెంచి రోడ్డు నియమావళిలో చేరింది.

ఈ నిర్వచనాల ప్రకారం ల్వార్ మార్గం మొత్తంగా ఒక వేలోరూట్. హరితమార్గాలు దానిలో భాగాలు మాత్రమే.

భౌగోళిక స్వరూపం

ల్వార్ ఫ్రాన్స్‌లో అతి పొడవైన నది. ఆగ్నేయ ఫ్రాన్స్‌లో, 1,551 మీ. ఎత్తున్న జెర్బియే ద జాన్ కొండ పాదంలో పుట్టి, మొదట ఉత్తరానికి, ఓర్లియాన్ దగ్గర నుంచి పడమరకు తిరిగి, 1,000 కి.మీ.కి పైగా ప్రవహించి సెయింట్-నజేర్ వద్ద అట్లాంటిక్‌లో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం సుమారు 1,17,000 చ.కి.మీ., అంటే ఫ్రాన్స్ భూభాగంలో అయిదో వంతు. ఆలియే, షేర్, ఆంద్ర్, వ్యెన్, మెన్ ముఖ్య ఉపనదులు.

సైకిల్ మార్గం కొండ ప్రాంతం దాటిన తర్వాత, ఆలియే నది ల్వార్‌లో కలిసే సంగమం దగ్గర మొదలవుతుంది. అక్కడి నేల సముద్రమట్టానికి 200 మీటర్లలోపు ఎత్తులోనే ఉంటుంది. ఆ కాస్త వాలు వందల కిలోమీటర్ల మీద పరుచుకున్నందువల్ల దారి దాదాపు సమతలంగా ఉంటుంది. సాన్సేర్ కొండ, ఆంజే దిగువన నదికి ఆనుకుని ఉన్న మిట్టలు దీనికి మినహాయింపు.

నదిలో నీటిమట్టం ఏడాది పొడవునా మారుతూ ఉంటుంది. శీతాకాలంలో, వసంతంలో నిండుగా పారుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి పాయలుగా చీలి ఇసుక మేటలు, లంకలు బయటపడతాయి. ఈ హెచ్చుతగ్గులే లోయలో కరకట్టలకు, పక్క కాలువలకు కారణమయ్యాయి. సైకిల్ మార్గానికి ఆధారం అవే.

చారిత్రక నేపథ్యం

పడవల కాలం

రైళ్లు రాకముందు ల్వార్ ఫ్రాన్స్‌లో ప్రధాన వర్తక మార్గాల్లో ఒకటి. ఉప్పు, ద్రాక్షసారా, ధాన్యం, పలకరాయి, కట్టడపు రాయి దీని మీదుగా నడిచేవి. పడవలు ప్రవాహంతో పాటు దిగువకు వచ్చేవి. అట్లాంటిక్ నుంచి వీచే పడమటి గాలికి తెరచాప ఎత్తి ఎగువకు వెళ్లేవి. అడుగు చదునుగా ఉన్న ఈ పడవల్లో గబార్, తూ, ఫ్యూత్రో అనే రకాలు ప్రసిద్ధం. పడవలు ఆగే చోటల్లా రేవులు, వంతెనలు, సంతలు ఏర్పడి పట్టణాలుగా పెరిగాయి. నేటి సైకిల్ యాత్రికులు ఒక్కో రోజు ప్రయాణానికి మజిలీలుగా ఎంచుకునేవి ఎక్కువగా ఆ పట్టణాలే.

నదిలో పడవలు కష్టంగా నడిచే ఎగువ భాగానికి ప్రత్యామ్నాయంగా దిగ్వాన్ నుంచి బ్రియార్ వరకు 196 కి.మీ. పక్క కాలువ తవ్వి 1838లో ప్రారంభించారు. ఇంతలో రైలుమార్గం 1843లో ఓర్లియాన్‌కు, 1846లో తూర్‌కు, 1851లో నాంత్‌కు చేరింది. దాంతో నదీ రవాణా కొద్ది దశాబ్దాల్లోనే క్షీణించింది. రేవులు, కాలువ గట్లు మాత్రం మిగిలాయి.

కరకట్టలు

వరద నుంచి పొలాలను కాపాడేందుకు మధ్య ల్వార్ తీరంలో 12వ శతాబ్ది నుంచీ కట్టలు వేస్తూ వచ్చారు. ఇంగ్లండు రాజు, ఆంజూ ప్రభువు అయిన రెండవ హెన్రీ వీటి నిర్వహణకు నియమాలు చేశాడు. 17వ శతాబ్దిలో మంత్రి కోల్బేర్ హయాంలో కట్టలను ఎత్తు పెంచి పొడిగించారు. 1846, 1856, 1866 సంవత్సరాల్లో వచ్చిన మహా వరదల్లో అవి అనేక చోట్ల తెగాయి. ఆ తర్వాత వాటిని మళ్లీ బలపరిచారు. (చూ. కరకట్టలు, వరద నియంత్రణ.)

సైకిల్ యాత్రల వ్యాప్తి

రెండు చక్రాలూ ఒకే పరిమాణంలో ఉండే సేఫ్టీ సైకిలు 1885లో, గాలి టైరు 1888లో వచ్చాక దూరప్రయాణాలు సామాన్యులకు వీలయ్యాయి. ఫ్రాన్స్‌లో సైకిల్ యాత్రలకు ఆద్యుడిగా పేరొందిన పాల్ ద వివీ (1853–1930) ల్వార్ పరీవాహకంలోనే ఉన్న సెయింట్-ఎత్యెన్ నగరంలో పనిచేశాడు. 'వేలోసియో' అనే కలం పేరుతో రాసేవాడు. 1887లో 'ల సిక్లిస్త్' పత్రిక స్థాపించి, గేర్లు మార్చే విధానాలను ప్రచారం చేశాడు. 1890లో టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ ఏర్పడింది. 1936లో కార్మికులకు జీతంతో కూడిన సెలవులు చట్టబద్ధం కావడంతో సైకిల్ మీద విహారం శ్రామిక కుటుంబాలకూ అందింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కార్లు పెరిగి ఈ అలవాటు తగ్గింది.

మార్గ నిర్మాణం

1980లలో ఆస్ట్రియాలో డాన్యూబ్ నది వెంట రూపుదిద్దుకున్న సైకిల్ మార్గం నదీలోయ యాత్రలకు ఆదరణ ఉందని చూపింది. యూరప్ సైక్లిస్టుల సమాఖ్య 1990లలో యూరోవెలో అనే ఖండవ్యాప్త సైకిల్ మార్గాల పథకాన్ని ప్రారంభించింది. 1998లో ఫ్రెంచి ప్రభుత్వం వేలోరూట్లు, హరితమార్గాల జాతీయ ప్రణాళికను ఆమోదించింది. ఈ దశలోనే మార్గం సాగే రెండు ప్రాంతాల పాలకమండళ్లు ఉమ్మడిగా ల్వార్ మార్గాన్ని చేపట్టాయి. 2000 తర్వాత విడతల వారీగా దీన్ని ప్రజలకు తెరిచారు.

అదే కాలంలో లోయ పరిరక్షణకూ గుర్తింపు లభించింది. ఎగువన కొత్త ఆనకట్టల ప్రతిపాదనలపై 1980లలో పర్యావరణ ఉద్యమం జరిగింది. 1994లో ప్రభుత్వం వరద రక్షణను, నదీ సంరక్షణను కలిపి చూసే 'ప్లాన్ ల్వార్'ను ప్రకటించింది. 2000లో స్యుల్లీ నుంచి షాలాన్ వరకు ఉన్న లోయను యునెస్కో సాంస్కృతిక భూదృశ్యంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దారి రకాలు

మార్గంలో నాలుగు రకాల దారులు కనిపిస్తాయి.

1. కరకట్ట దారులు: కట్ట మీదుగా లేదా దాని పాదం వెంట సాగుతాయి. నదీ దృశ్యం బాగా కనిపిస్తుంది. నీడ తక్కువ, గాలి ఎక్కువ.

2. కాలువ గట్లు: ఒకప్పుడు గుర్రాలు, మనుషులు పడవలను తాళ్లతో లాగుతూ నడిచిన బాటలు. సమతలంగా ఉండి, చాలాచోట్ల చెట్ల వరుసల మధ్య సాగుతాయి.

3. గ్రామీణ రోడ్లు: ఊళ్లను, పొలాలను కలిపే తారు రోడ్లు. మార్గంలో పెద్ద వాటా వీటిదే. కార్లు, ట్రాక్టర్లు కూడా తిరుగుతాయి.

4. పట్టణ భాగాలు: నదీ ఘట్టాల మీద, వంతెనల మీద, వీధుల్లో గుర్తించిన సైకిల్ వరుసలు.

పైపొర కూడా చోటును బట్టి మారుతుంది. తారు, సిమెంటు, గట్టిపరచిన సున్నపురాతి కంకర ఎక్కువగా వాడారు. అందుకే పందెపు సైకిలు సన్నని టైర్ల కంటే మధ్యరకం వెడల్పు టైర్లు ఈ దారికి అనువైనవి.

ప్రధాన ఖండాలు

క్యూఫీ – ఓర్లియాన్

ప్రారంభ ఖండం చాలావరకు పక్క కాలువను అనుసరిస్తుంది. క్లునీ సంప్రదాయానికి చెందిన మఠం ఉన్న లా షారితే, తెల్ల ద్రాక్షసారాకు పేరున్న సాన్సేర్ ఈ దారికి చేరువలో ఉన్నాయి. బ్రియార్ వద్ద కాలువ ఉక్కు అక్విడక్టు మీదుగా నదిని దాటుతుంది. 1896లో పూర్తయిన దీని పొడవు 662 మీ. దీని రాతికట్టడపు పనులు గుస్తావ్ ఐఫిల్ సంస్థ చేసింది. తర్వాత 1821లో మొదలైన పింగాణీ కర్మాగారం గల జియాన్, నదీతీర కోట గల స్యుల్లీ, బెనెడిక్టైన్ మఠం ఉన్న సెయింట్-బెన్వా, 9వ శతాబ్ది తొలినాళ్ల ప్రార్థనాలయం ఉన్న జెర్మినీ-దె-ప్రే వస్తాయి. ఈ ఖండంలో ఊళ్లు చిన్నవి, యాత్రికుల సంఖ్యా తక్కువ.

ఓర్లియాన్ – తూర్

1429లో జోన్ ఆఫ్ ఆర్క్ ముట్టడి నుంచి విడిపించిన నగరంగా ఓర్లియాన్ చరిత్రకెక్కింది. మధ్యయుగపు వంతెన ఉన్న బోజాన్సీ, రాజకోట ఉన్న బ్లువా దాని దిగువన ఉన్నాయి. మార్గపు ఒక శాఖ మొదటి ఫ్రాన్స్వా రాజు 1519లో కట్టడం మొదలుపెట్టిన శంబోర్ కోటకు వెళ్తుంది. సుమారు 32 కి.మీ. గోడ చుట్టిన అడవి మధ్య ఈ కోట ఉంది. షోమాన్ కోటలో 1992 నుంచి ఏటా ఉద్యానవనాల ఉత్సవం జరుగుతోంది. లియొనార్డో డావిన్సీ 1516లో వచ్చి, 1519లో కన్నుమూసింది అంబువాజ్‌లో.

తూర్ – ఆంజే

వరుస తోటల విల్లాంద్రీ, వ్యెన్ ఉపనది మీద ఉన్న షినాన్, వ్యెన్ సంగమం వద్ద కాంద్-సెయింట్-మార్తాన్, రెండవ హెన్రీ సమాధి ప్రతిమ ఉన్న ఫాంతెవ్రో మఠం, సోమ్యూర్ కోట ఈ ఖండంలోనివి. ఇక్కడి తూఫో అనే మెత్తని తెల్ల సున్నపురాయితో కోటలూ ఇళ్లూ కట్టారు. రాయి తవ్విన గుహలు తర్వాత నివాసాలుగా, ద్రాక్షసారా కొట్లుగా, పుట్టగొడుగుల పెంపకశాలలుగా మారాయి. సోమ్యూర్ దగ్గర సైకిల్ మార్గం ఒకచోట ఆ గుహల గుండానే సాగుతుంది. 1996లో ఏర్పాటైన ల్వార్-ఆంజూ-తూరేన్ ప్రాంతీయ ప్రకృతి ఉద్యానం ఇక్కడే ఉంది. ఆంజే మెన్ నది మీది నగరం. 14వ శతాబ్దిలో నేసిన 'అపొకలిప్స్' చిత్రపటాల వస్త్రం అక్కడి కోటలో ఉంది.

ఆంజే – సముద్రతీరం

షాలాన్, సెయింట్-ఫ్లోరాన్, ఆన్సెనీ మీదుగా మార్గం నాంత్ చేరుతుంది. 18వ శతాబ్దిలో ఫ్రాన్స్‌లో బానిస వ్యాపారానికి నాంత్ అతిపెద్ద రేవు. ఆ చరిత్రను గుర్తుచేసే బానిసత్వ నిర్మూలన స్మారకాన్ని 2012లో నదీఘట్టంపై తెరిచారు. ఆఫ్రికా తీరంలో మారకానికి వాడిన సరుకుల్లో భారతీయ అద్దకపు నూలు వస్త్రాలు ముఖ్యమైనవి. మచిలీపట్నంతో సహా కోరమండల్ తీరం నుంచి వెళ్లిన చీటీ గుడ్డలకు యూరప్‌లో మంచి గిరాకీ ఉండేది. వాటిని అనుకరించే అద్దకపు పరిశ్రమ నాంత్‌లోనూ పెరిగింది. (చూ. కలంకారీ.) నాంత్ దిగువన లె పెల్రాన్ వద్ద పంటు మీద నది దాటవచ్చు. అక్కడి నుంచి 1892లో ప్రారంభమైన మార్తినియేర్ కాలువ వెంట సాగి, సెయింట్-బ్రెవాన్ ఇసుకతీరంలో మార్గం ముగుస్తుంది.

నిర్వహణ, సౌకర్యాలు

గుర్తుపలకలు

ప్రతి కూడలిలో మార్గం చిహ్నం, దిశ, తర్వాతి ఊరు తెలిపే పలకలు ఉంటాయి. వాటి మీద యూరోవెలో 6 అంకె కూడా వేస్తారు. వరద లేదా మరమ్మతు వల్ల దారి మూసినప్పుడు తాత్కాలిక మళ్లింపు పలకలు పెడతారు.

బాధ్యతల విభజన

ప్రాంతీయ మండళ్లు సమన్వయం, ప్రచారం చూస్తాయి. దారి వేయడం, బాగుచేయడం జిల్లా స్థాయి మండళ్లు, పురపాలికలు, వాటి సమాఖ్యల పని. కరకట్టలు ప్రధానంగా వరద రక్షణ కట్టడాలు. వాటి మీద దారి వేయాలంటే కట్ట బలం తగ్గకుండా, తనిఖీకి, మరమ్మతుకు అడ్డం రాకుండా చూడాలి.

వసతి

'ఆకై వేలో' అనే గుర్తింపు ముద్ర ల్వార్ లోయలో రూపొంది, తర్వాత దేశమంతటా అమలైంది. మార్గానికి 5 కి.మీ. లోపల ఉన్న హోటళ్లు, అతిథి గృహాలు, డేరా మైదానాలు, సైకిల్ అద్దె దుకాణాలు, సందర్శన స్థలాలకు దీన్ని ఇస్తారు. సైకిళ్లకు భద్రమైన చోటు, మరమ్మతు పనిముట్లు, సామాను చేరవేత, వాతావరణ సమాచారం వంటి సేవలు సంస్థ రకాన్ని బట్టి ఉండాలి.

రైలు అనుసంధానం

నది వెంటే రైలుమార్గం కూడా ఉండటంతో ఒక వైపు సైకిల్ మీద వెళ్లి రైల్లో తిరిగి రావచ్చు, కొంత దూరం దాటవేయనూ వచ్చు. వేసవిలో ఓర్లియాన్–నాంత్ దారిలో కొన్ని రైళ్లకు సైకిళ్ల కోసం అదనపు స్థలం కల్పిస్తారు.

ప్రయాణ రీతులు

యాత్రికులు స్థూలంగా మూడు రకాలు. డేరా, వంటసామగ్రితో స్వయంగా సాగేవారు. ముందే గదులు కుదుర్చుకుని, సామాను వాహనంలో పంపించేవారు. ఒకే పట్టణంలో బస చేసి చుట్టుపక్కల తిరిగి వచ్చేవారు. పిల్లలను వెనక తగిలించే చిన్న బండిలో కూర్చోబెట్టుకుని వెళ్లే కుటుంబాలూ ఉంటాయి. బ్యాటరీ సాయం గల సైకిళ్లు వయసు మళ్లినవారికి దూరప్రయాణాన్ని సులువు చేశాయి. యూరప్ నిబంధనల ప్రకారం వీటిలో మోటారు సాయం గంటకు 25 కి.మీ. వేగం వద్ద ఆగిపోతుంది.

మొత్తం మార్గాన్ని రోజుకు 50 కి.మీ. చొప్పున పూర్తిచేయడానికి సుమారు 18 రోజులు పడుతుంది. చాలామంది ఒకటి రెండు ఖండాలే ఎంచుకుంటారు.

దిశ విషయంలో రెండు పద్ధతులున్నాయి. తూర్పు నుంచి పడమరకు వెళ్తే నదితో పాటు సముద్రానికి చేరతారు, వాలు స్వల్పంగా అనుకూలం. కానీ ఎదురుగాలి తగలవచ్చు. పడమర నుంచి తూర్పుకు వెళ్తే, పూర్వం తెరచాప పడవలను నడిపిన అదే గాలి వెనక నుంచి తోడవుతుంది. నేల దాదాపు సమతలం కనుక వాలు కంటే గాలి ప్రభావమే ఎక్కువ.

ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ప్రయాణానికి అనువైన కాలం. ఫ్రాన్స్‌లో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ 2017 నుంచి తప్పనిసరి. ఊరి బయట రాత్రివేళ మెరిసే జాకెట్ ధరించాలి.

ఆర్థిక, సామాజిక ప్రాధాన్యం

కారులో వచ్చే సందర్శకులు ఒక కోట నుంచి మరో కోటకు నేరుగా వెళ్లగలరు. సైకిల్ యాత్రికులు దారిలోని ప్రతి ఊరి గుండా వెళ్తారు. తినడానికి, తాగడానికి, రాత్రి బసకు తరచు ఆగుతారు. అందువల్ల వారి ఖర్చు రొట్టె దుకాణాలు, పల్లె అతిథి గృహాలు, పురపాలక డేరా మైదానాలు, ద్రాక్షసారా ఉత్పత్తిదారులు వంటి చిన్న వ్యాపారాలకు చేరుతుంది. పాత రేవు ఊళ్లలో ఖాళీపడిన ఇళ్లు, లాకుల కాపలాదారుల నివాసాలు కొన్ని బసలుగా, ఫలహారశాలలుగా మళ్లీ వాడుకలోకి వచ్చాయి. ఈ దారులను స్థానికులు కూడా బడికి, పనికి, నడకకు ఉపయోగిస్తారు.

పర్యావరణం

వేసవిలో బయటపడే ఇసుక మేటల మీద చిన్న రీవ పక్షులు గుడ్లు పెడతాయి. గూళ్ల కాలంలో కొన్ని లంకల్లోకి ప్రవేశం నిషిద్ధం. బీవర్లు, వలస చేపలు, తీరపు చిత్తడి అడవులు ఈ నదికి ప్రత్యేకం. అదే సమయంలో ల్వార్ పూర్తిగా సహజ స్థితిలో ఉన్న నది కాదు. బెల్విల్, దాంపియేర్, సెయింట్-లోరాన్, షినాన్ వద్ద నాలుగు అణువిద్యుత్ కేంద్రాలు చల్లదనానికి దీని నీటినే వాడుతున్నాయి. సైకిల్ మార్గం వీటికి దగ్గరగా కూడా వెళ్తుంది.

సమస్యలు, పరిమితులు

యాత్రికుల రద్దీ కోటలు ఎక్కువగా ఉన్న బ్లువా–సోమ్యూర్ మధ్య కేంద్రీకృతమైంది. ఎగువ ఖండానికి ఆ లాభం తక్కువ. అక్కడి చిన్న ఊళ్లలో దుకాణాలు వారంలో కొన్ని రోజులు, మధ్యాహ్నాలు మూసి ఉండటంతో ఆహారం ముందే సమకూర్చుకోవాలి. హరితమార్గాల మీద పాదచారులకూ వేగంగా వెళ్లే సైకిళ్లకూ మధ్య ఇబ్బందులు కలుగుతాయి. కార్లతో పంచుకునే రోడ్లలో, పాత ఇరుకు వంతెనల మీద పిల్లలతో వెళ్లేవారికి జాగ్రత్త అవసరం. వరదల్లో నదికి ఆనుకుని ఉన్న పల్లపు బాటలు మునుగుతాయి. వేసవి వడగాలుల్లో నీడలేని కట్టల మీద ప్రయాణం ప్రమాదకరం కావచ్చు.

ఇతర మార్గాలతో సంబంధం

తూర్పున ఈ మార్గం నెవేర్ నుంచి దిగ్వాన్, షాలాన్-స్యుర్-సోన్ మీదుగా స్విట్జర్లాండులోని బాజెల్‌కు, అక్కడి నుంచి డాన్యూబ్ లోయకు కలుస్తుంది. పాసౌ, వియన్నా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్ దాటి యూరోవెలో 6 రుమేనియాలో నల్లసముద్రం ఒడ్డునున్న కాన్‌స్టాంట్సాలో ముగుస్తుంది. ఓర్లియాన్–తూర్ మధ్య నార్వే నుంచి స్పెయిన్ వెళ్లే యూరోవెలో 3, నాంత్–సెయింట్-బ్రెవాన్ మధ్య అట్లాంటిక్ తీరపు యూరోవెలో 1 ఇదే దారిని పంచుకుంటాయి. (చూ. డాన్యూబ్ నది, యూరోవెలో, సైకిలు.)